చెక్కుకోవడం, చెక్కేయడం

ప్లేస్‌మెంట్ల కాలం వచ్చిందంటే చాలు, మనవాళ్ల రెజ్యూమెల్లో ఒక మాట తప్పకుండా కనబడుతుంది: ‘కార్వ్ అవుట్ ఎ నిష్’. నిష్ అంటే ఏదో గొప్ప పదార్థం కాదు, గోడలో గూడు. మన పాత ఇళ్లలో దీపం పెడతారే, అట్లాంటిదే. గోడలో గూడు తొలిచినట్టు జనంలో మనకంటూ ఒక చోటు చేసుకోవడమని భావం. పేపర్లో ‘తనకంటూ ఒక స్థానం ఏర్పరచుకున్నాడు’ అని రాసేది దీన్నే.

ఒట్టి ‘కార్వ్’ అంటే చెక్కడం. మా శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో కొయ్యతో దేవుళ్ల బొమ్మలు చెక్కుతారు. ఉలి దెబ్బకి పేళ్లు రాలిపోతాయి, బొమ్మ మిగులుతుంది. రాలింది చెత్త, మిగిలింది దేవుడు. ‘అవుట్’ చేరితే లెక్క తిరగబడుతుంది. బయటికొచ్చిందే అసలు వస్తువు. వెనక మిగిలింది పాతది, అందులో కొంత ఖాళీ.

జిల్లాల సంగతి చూడండి. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు లాంటివీ, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడూ తీసి చిత్తూరు జిల్లా చేశారు. అది ‘కార్వ్ అవుట్’. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె వైపు అన్నమయ్య జిల్లాలో కలిసింది. తిరుపతిలో నిలబడి చూస్తే ఇదీ ‘కార్వ్ అవుట్’. చిత్తూరులో నిలబడి చూస్తే మాత్రం ‘కార్వ్ అప్’, అంటే ముక్కలు చేసి పంచడం. జరిగింది ఒకటే. ఎక్కడ నిలబడి చెప్తున్నామో దాన్నిబట్టి మాట మారుతుంది. మా ఇల్లు అంగుళం కూడా కదల్లేదు, జిల్లా మారింది. మా నాయన ఇప్పటికీ ఎవరడిగినా ‘చిత్తూరు జిల్లా’ అనే అంటాడు.

ఇంగ్లీషులో ‘అవుట్’, ‘అప్’ చేసే పని తెలుగులో క్రియ చివర జరుగుతుంది. చెక్కిపెట్టాడంటే ఇంకొకరికోసం. చెక్కుకున్నాడంటే తనకోసం. చెక్కేశాడంటే రెండర్థాలు: పని ముగించాడని ఒకటి, చెప్పాపెట్టకుండా జారుకున్నాడని ఇంకొకటి!

మా అక్క ఉద్యోగం తెచ్చుకుని బెంగళూరులో తనకంటూ ఒక చోటు చెక్కుకుంది. ఇంట్లో అందరికీ గర్వమే. కానీ మా అమ్మ ఇప్పటికీ నలుగురికని బియ్యం కొలిచి, గుర్తొచ్చి ఒక గుప్పెడు వెనక్కి పోస్తుంది. రెజ్యూమెలో ఆ గుప్పెడుకి కాలమ్ ఉండదు. వచ్చే ఏడు నేనూ పోతాను, ఇంకో గుప్పెడు వెనక్కి పోతుంది. అట్లని పోకుండా ఉండలేం, ఉండమని ఇంట్లోవాళ్లూ అనరు.

కాబట్టి ఇంటర్వ్యూలో ఆ మాట ధైర్యంగా వాడండి, తప్పేం లేదు. చోటు చెక్కుకుందాం. ఇంట్లోనించి చెక్కేయకుండా ఉంటే చాలు.