ఇరవై అయిదవ సంఖ్య

ఈ పాఠం చదివే ముందు ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. కాగితంపై అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది గడులు గీయండి. దీనితో పని తర్వాత వస్తుంది.

సంపర్క తరగతుల్లో మీలాంటి అభ్యాసకులు నన్ను తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు: "మేడం, మాకు ఇంగ్లీషు రాదు. కంప్యూటరు లోపలి సంగతులు మాకు అర్థమవుతాయా?" దీనికి నేను మా అమ్మ కథ చెబుతాను.

1993లో నేను ఢిల్లీలో తొమ్మిదవ తరగతి చదువుతున్నాను. నాన్నగారిది కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం. ఆర్.కె. పురంలో క్వార్టరు. అమ్మ కృష్ణా జిల్లాలో అయిదవ తరగతి దాకా చదివింది. తెలుగు తప్ప మరో లిపి రాదు. బస్సు బోర్డు మీది హిందీ చదవలేదు గాని, నంబరు చూసి ఎక్కేది. ఎప్పుడూ తప్పు బస్సు ఎక్కలేదు.

1984-85లో ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద దేశంలోని కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో అనే కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులోని ఎకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన యంత్రం అది. (ఆ కంపెనీ ఇంజనీర్లే తర్వాత ఎ.ఆర్.ఎం. ప్రాసెసరు రూపొందించారు. మీ చేతిలోని ఫోనులో ఉన్నది బహుశా ఆ వంశానిదే.) మా స్కూల్లో అవి పాతబడి, దుమ్ము పట్టి, ఇంకా పనిచేస్తూనే ఉండేవి. లోపల 6502 అనే ప్రాసెసరు, 32,768 జ్ఞాపకపు గడులు ఉండేవి. ఒక్కో గడిలో 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్య పడుతుంది. ఆ గడినే బైటు అంటారు.

ఆ యేడు స్కూలు ఎగ్జిబిషనుకు అమ్మ వస్తానన్నది. ఆమె పేరు 'ర'తో మొదలవుతుంది. ఆ అక్షరాన్ని తెర మీద చూపిద్దామనుకున్నాను.

ఇప్పుడు మీ గళ్ళ కాగితం తీయండి. ప్రతి వరుసలోని గడులకు ఎడమ నుంచి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు. మొదటి వరుసలో ఏడవ గడి ఒక్కటే నలుపు చేయండి, అది 2. రెండవ వరుసలో రెండవది, ఆరవది నలుపు చేయండి, 64కు 4 కలిపితే 68. మిగిలిన వరుసలు 40, 16, 60, 66, 66, 60. ఏయే గడులు నింపాలో మీరే తేల్చండి. తలకట్టుతో సహా 'ర' వస్తుంది. గుండ్రం సరిగా లేదంటారా? 64 గడుల్లో నాకు అంతే చేతనయింది.

యంత్రానికి ముందుగా 23, 224 పంపాలి. "224వ గుర్తును ఇలా గీయి" అని దాని అర్థం. ఆ తర్వాత మన ఎనిమిది సంఖ్యలు. చివర మళ్ళీ 224, అంటే "ఇక ఆ గుర్తును తెర మీద వేయి" అని. బేసిక్ భాషలో ఇది ఒక్క వరుసలో అయిపోయే పని. అయినా నాకప్పుడు అసెంబ్లీ భాష మీద మోజు.

అసెంబ్లీలో ఎల్.డి.ఎ., ఆర్.టి.ఎస్. వంటి పొట్టి మాటలు రాస్తాం. అవి మనిషి గుర్తుపెట్టుకోవడానికి. అసెంబ్లరు అనే ప్రోగ్రాము వాటిని సంఖ్యలుగా మారుస్తుంది. బి.బి.సి. మైక్రోలో అది బేసిక్‌లోనే కలిసి ఉండేది. నా ప్రోగ్రాము మొత్తం మారిన తర్వాత ఇలా ఉంది:

162, 0, 189, 14, 32, 32, 238, 255, 232, 224, 11, 208, 245, 96, 23, 224, 2, 68, 40, 16, 60, 66, 66, 60, 224

మొదటి 14 ఆజ్ఞలు, తక్కిన 11 ఆజ్ఞలు పంపే సరుకు. 224 మూడుసార్లు వచ్చింది, గమనించారా? మొదటిసారి అది "పోల్చి చూడు" అనే ఆజ్ఞ. తర్వాతి రెండుసార్లు మన గుర్తు నంబరు. సంఖ్య ఒక్కటే, ఉన్న చోటును బట్టి అర్థం మారింది.

ఈ సంఖ్యలను ఏ హంగూ లేకుండా ఉన్నవున్నట్టు దాచితే దాన్ని ముడి బైనరీ అంటారు. నేటి విండోస్ ప్రోగ్రాము ఫైలు 77, 90 అనే సంఖ్యలతో మొదలవుతుంది, ఆపై లోపల ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక ఉంటుంది. ముడి బైనరీలో అదేమీ ఉండదు. ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో దాచేవాళ్ళే సరిగ్గా చెప్పాలి.

నేను తప్పు చేసింది అక్కడే. నా సంఖ్యలు 8192వ గడి నుంచి 8216వ గడి వరకు ఉన్నాయి. (యంత్రానికి ఈ నంబర్లను పదహారు ఆధారంగా రాసి ఇవ్వాలి. ఇక్కడ మామూలు లెక్కలో చెబుతున్నాను.) 'సేవ్' ఆజ్ఞలో చివర 8216 అని ఇచ్చాను. ఆ ఆజ్ఞకు కావలసింది ఆఖరి గడి కాదు, దాని తర్వాతి గడి: 8217. ఆఫీసులో "పదవ తేదీ వరకు సెలవు" అని రాస్తే పదవ తేదీన పనికి రావాలా వద్దా అని తగువు వస్తుంది చూడండి, అలాంటిదే. కాసెట్‌లోకి 24 సంఖ్యలే వెళ్ళాయి.

ఎక్కించి చూసుకోలేదా అంటారేమో. చూసుకున్నాను. బాగానే పనిచేసింది! ఎందుకంటే యంత్రం ఆపలేదు. ఇరవై అయిదవ సంఖ్య పాత చోటే జ్ఞాపకంలో కూర్చుని ఉంది.

ఎగ్జిబిషను రోజు అమ్మ పట్టుచీర కట్టుకుని బస్సులో వచ్చింది. పొద్దున్నే ఆన్ చేసిన యంత్రంలో కాసెట్ ఎక్కించి ప్రోగ్రాము నడిపాను. తెర ఖాళీ. తప్పు జరిగిందన్న సందేశం కూడా లేదు. 'ర' ఆకారమంతా యంత్రం లోపలికి చేరింది, దాన్ని వేయమని చెప్పేవాళ్ళే లేరు.

"ఏమే, నా అక్షరమేదే?" అంది అమ్మ.

నాకు నోట మాట రాలేదు. వెనక వరుసలో జనం ఉన్నారు. సార్ మమ్మల్ని పక్కకు జరగమన్నారు.

తప్పు దొరకడానికి మరో రెండు రోజులు పట్టింది. 'ర' తెర మీదికి వచ్చేసరికి గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. అమ్మ మళ్ళీ ఆ స్కూలుకు రాలేదు. ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములు ఇప్పటి కంప్యూటర్లకు దొరుకుతున్నాయి. ఈ పాఠం రాస్తూ, నాలుగవ మోడ్‌లోకి వెళ్ళి ఆ 25 సంఖ్యలు వేసి చూశాను. పనిచేస్తున్నాయి. (మొదట వచ్చే ఏడవ మోడ్‌లో మాత్రం సొంత అక్షరాలు కనిపించవు.)

తప్పు దొరికిన రోజు సాయంత్రం వంటింట్లో గళ్ళ కాగితం పరిచి, విలువలు ఎలా కూడాలో అమ్మకు చెప్పాను. ఒక్కసారి విని, "చుక్కల ముగ్గు లాంటిదేగా, చెప్పు" అంది. నేను సంఖ్యలు చదువుతుంటే గడులు నింపుకుంటూ పోయింది. 68 దగ్గర ఆగి, "అరవై నాలుగు, నాలుగు" అని తనే విడదీసుకుంది. చివరి వరుస అయ్యాక కాగితం దూరంగా పెట్టి చూసి, "తలకట్టు బాగుంది గాని కింద నలిగింది" అంది. తర్వాత, "ఊఁ, 'మ' చెప్పు" అంది.

'మ'కు సంఖ్యలు నా దగ్గర లేవు. ఇంకో కాగితం మీద ఈసారి ఆమె ముందుగా గడులు నింపింది, నేను కూడి రాసుకున్నాను.