మష్వరా లేని తరఖ్ఖీ

మా మొహల్లాలో ఏ ఇంట్లో షాదీ అయినా ముందు బుజుర్గులు కూర్చుని మష్వరా చేస్తారు. లక్షలమంది బతికే షహర్‌కి నక్షా గీసేటప్పుడు మాత్రం ఆ రివాజు ఎటు పోతుందో!

1908లో మూసీ తుగ్యానీ వేలమందిని మింగింది. తర్వాత హుకూమత్ 1912లో ఆరాయిషె బల్దా పెట్టింది. విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ తయారయ్యాయి. అది నిజాం జమానా, ఒక్క ఫర్మానా వస్తే చాలు. ఇప్పుడు జమ్‌హూరియత్. 1992లో 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలకి చోటిచ్చింది. అయినా 2024లో మూసీ ఒడ్డు ఇళ్లమీద ఎర్ర గుర్తులు పడ్డాయి. ఎంతోమందికి కబురు తెలిసింది ఆ గుర్తులు చూశాకే.

చేతులు కలిస్తే ఏమవుతుందో బన్సీలాల్‌పేట బావోలి చెప్తుంది. చెత్తతో పూడిపోయిన ఆ మెట్లబావిని బల్దియా, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి బాగుచేస్తే 2022 డిసెంబర్‌లో మళ్లీ తెరుచుకుంది.

నది బాగుపడొద్దని నేననను. మూసీ కంపు మాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? కానీ వరద ఏ గల్లీదాకా వస్తుందో, ఏ నాలా ఎక్కడ మూసుకుపోయిందో ఆ ఒడ్డునున్న అమ్మీలకి తెలుసు. వాళ్లని ముందు అడగటం ఎహసాన్ కాదు, వాళ్ల హక్.