గరాజులో గుర్రం

మన తెలుగువాళ్ళ గరాజు తలుపు ఎత్తితే లోపల ఏముంటాయో చెప్పడానికి జోస్యం రానక్కరలేదు. ఒక మూల సోనా మసూరి బస్తా, ఇంకో మూల ఉగాదికీ దీపావళికీ తప్ప బయటికి రాని పెద్ద పెద్ద గిన్నెలు, పైన అలమరలో మొదటిసారి దేశం దాటినప్పటి సూట్‌కేసులు, గోడకి ఆనించి పిల్లల సైకిళ్ళు. పిల్లలు పెద్దవాళ్ళవుతారు, కారు లైసెన్సులు తెచ్చుకుంటారు, కాలేజీలకి వెళ్ళిపోతారు. సైకిళ్ళు మాత్రం ఎక్కడికీ వెళ్ళవు. వాటిల్లో చాలా వరకు మౌంటెన్ బైకులే. మా ఒహాయోలో, అందులోనూ డేటన్ చుట్టుపక్కల, మౌంటెన్ అన్నది మచ్చుకైనా కనపడదన్న సంగతి వేరే చెప్పాలా!

ఈ బండ్లు 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో పుట్టాయి. అక్కడి కుర్రాళ్ళు పాత లావుపాటి టైర్ల సైకిళ్ళని కొండ మీదికి మోసుకెళ్ళి మట్టి దారుల వెంట కిందికి దూకించేవారట. ఆ సరదాయే పెద్ద పరిశ్రమ అయింది. గుబ్బల టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగుల ఫోర్కు, ఎంత ఎత్తయినా ఎక్కించే గేర్లు, అన్నీ కొండ కోసం చేసినవే. మావాడి బండి మాత్రం పుట్టిన దగ్గర్నుంచి మా సబ్‌డివిజన్ దాటలేదు. 2021లో వాడు కాలేజీకి వెళ్ళాక దాని మీద దుమ్ము పేరుకుంది.

మరుసటి సంవత్సరం మా ఆవిడ నా రక్తపరీక్ష కాగితం చూసింది. ఆవిడ డాక్టరు. ఇంట్లో డాక్టరు ఉన్న ఇంజనీరుకి అప్పీలు చేసుకోవడానికి పైకోర్టు ఉండదు. ఏవన్‌సీ 6.1 ఉంది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే చక్కెర వ్యాధి గుమ్మంలో నిలబడి ఉన్నట్టు లెక్క. "నేనేమంత లావుగా లేను కదా" అన్నాను. "మన వాళ్ళకి లావు కొలత వేరండీ" అంది. నిజమే. బీఎంఐ 25 దాటితేనే పరీక్ష చేయించమనే లెక్కని ఆసియా సంతతి వాళ్ళ కోసం 23కి దించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. వారానికి 150 నిమిషాలు ఒళ్ళు వంచాలని తీర్పు వెలువడింది. జిమ్ము నాకు పడదు. నిలబడ్డ చోటే పరిగెత్తడం నా లెక్కలో పని జరగని శ్రమ. అప్పుడు గోడకి ఆనించిన మౌంటెన్ బైకు మీద కన్ను పడింది.

ఈత, సైకిలు ఒకసారి వస్తే పోవంటారు. పోవు గానీ, ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కితే ఒళ్ళు మాత్రం కొత్తగా నేర్చుకుంటుంది. నేను ఆఖరుసారి తొక్కింది విజయవాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో. అది ఒకే గేరు నల్ల సైకిలు. బలమంతా పెట్టి తొక్కడమే మనకి తెలిసిన విద్య. ఈ బండి మీద ఆ విద్య మోకాళ్ళకి చేటు. తేలిక గేరులో పెట్టి, నిమిషానికి డెబ్భై ఎనభై చుట్లు చులాగ్గా తిప్పాలి. సీటు ఎత్తుకి కూడా ఒక గుర్తుంది. పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు మడమ దాని మీద ఆనించి చూస్తే కాలు తిన్నగా చాపినట్టు ఉండాలి.

ఇక రోడ్డు మీదికి వస్తే మొదట వినిపించేది టైర్ల మోత. తేనెటీగల గుంపు వెంటపడినట్టు ఉంటుంది. మోత అంటే వృథాగా పోతున్న మన శక్తే. బండి కదులుతున్నంత సేపూ ప్రతి గుబ్బా రోడ్డుకి ఆని వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. వంగినప్పుడు తీసుకున్న శక్తంతా లేచేటప్పుడు తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారి పోతుంది. ఫోర్కు స్ప్రింగులదీ అదే వరస. ఎక్కుడు దారిలో నిలబడి తొక్కితే మన బలంతో అవి ఉయ్యాలలూగుతాయి.

"కొత్త రోడ్డు బైకు కొనుక్కోరాదూ" అని స్నేహితులు అన్నారు. వెయ్యి డాలర్లు పెట్టి కొన్న వస్తువు నెల తిరక్కుండా అదే గోడకి ఆనడం చాలా ఇళ్ళలో చూశాను. అందుకని అరవై డాలర్లలో గుబ్బలు లేని నున్నటి టైర్లు రెండు వేయించాను. వెడల్పు అంగుళంన్నర. టైరు పక్కన అచ్చు వేసిన హద్దు దాటకుండా 60 పౌండ్ల దాకా గాలి కొట్టాను. ఫోర్కు కదలకుండా బిగించే మీట ఉంటే బిగించాను. మోత పోయింది. సగం అలసటా పోయింది. ఆపైన మిగిలేది ఎదురుగాలి. దానితో పోట్లాట దండగ. గంటకి 12 మైళ్ళ నుంచి 15కి వేగం పెంచితే గాలిని చీల్చడానికి పెట్టాల్సిన పవర్ దాదాపు రెట్టింపవుతుంది. పందేలకి పోని నాలాటి వాడికి 12 మహా ఎక్కువ. నిటారుగా కూర్చుంటాం కనుక నలుదిక్కులా కనిపిస్తుంది, నడుమూ పట్టెయ్యదు. లావుపాటి టైరు గుంటల్నీ క్షమిస్తుంది.

క్షమించనివి కార్లు. ఒక శనివారం ఉదయం పికప్ ట్రక్కు ఒకటి నా మోచెయ్యి పక్కనుంచి ఎంత దగ్గరగా పోయిందంటే, దాని అద్దం గాలి చెంపకి తగిలింది. కాళ్ళలో వణుకు తగ్గడానికి పావుగంట పట్టింది. 2017 నుంచి ఒహాయో చట్టం ప్రకారం సైకిలుని దాటే కారు కనీసం మూడడుగులు ఎడం ఇవ్వాలి. ఆ చట్టం ఆ డ్రైవరుకి తెలుసో లేదో! ఇంటికొచ్చి చెప్పగానే మా ఆవిడ, "చక్కెరకి మందులున్నాయి, దీనికి లేవు. ఇక చాలు" అంది. ఆమె భయంలో అబద్ధం లేదు. నేను జవాబు చెప్పలేకపోయాను. రెండు వారాలు బండి కదల్లేదు.

ఆ సమయానికి నాన్నగారు మా ఇంట్లో ఉన్నారు. అది 2023 వేసవి. అమ్మ పోయిన తర్వాత ఒంటరిగా రావడం అదే మొదటిసారి. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళు. కృష్ణా జిల్లాలో లెక్కల మాస్టారు. మా ఊరి నుంచి బడికి కాలవ గట్టు మీద ఐదు కిలోమీటర్లు. ముప్ఫై నాలుగేళ్ళు రోజూ పోనూ రానూ సైకిలు మీదే. అలాంటి మనిషి ఇక్కడ పాల ప్యాకెట్టుకీ, గుడికీ, క్షవరానికీ మా తీరిక కోసం ఎదురు చూడాలి. ఆరు వారాలకే, "టికెట్టు ముందుకి జరపడానికి ఎంతవుతుందిరా?" అని అడిగారు. "ఇక్కడ ఏం తక్కువైంది నాన్నగారూ?" అన్నాను. "ఏమీ తక్కువ లేదు. కాళ్ళే లేవు" అన్నారు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మర్నాడు ఒక గరాజ్ సేల్‌లో నలభై డాలర్లకి ఇంకో మౌంటెన్ బైకు తెచ్చాను. సీటు బాగా దించాను. బెల్లు బిగించాను, అది లేనిదే ఆయన ఎక్కనన్నారు. మరో మార్పు ముఖ్యమైనది. మన దేశంలో కుడి చెయ్యి నొక్కితే ముందు బ్రేకు పడుతుంది. ఇక్కడ ఎడమ చేతిది ముందు బ్రేకు. డెబ్భై దాటిన చేతులకి కొత్త అలవాటు నేర్పడం కంటే రెండు కేబుళ్ళు మార్చడం సులువు. మార్చేశాను. ఆయన పంట్లాం అంచు మడిచి రబ్బరు బ్యాండు వేసుకుని, ఎడమ కాలు పెడల్ మీద పెట్టి రెండు అంగలు తోసి, కుడి కాలు వెనకనుంచి తిప్పి ఎక్కేశారు. నేను వెంట పరిగెత్తాను, నన్ను ఆయన చిన్నప్పుడు పట్టుకుని పరిగెత్తినట్టు. అవసరం లేకపోయింది.

మా అదృష్టం, మా ప్రాంతంలో పాత రైలు దారుల మీద వేసిన సైకిలు బాటలున్నాయి. అన్నీ కలిపి 300 మైళ్ళ పైమాటే. బీవర్‌క్రీక్ మీదుగా పోయే క్రీక్‌సైడ్ ట్రైల్ పట్టుకుంటే జీనియా చేరొచ్చు. అక్కడ లిటిల్ మయామీ ట్రైల్ కలుస్తుంది. అది స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి సిన్సినాటి దిక్కుగా సుమారు 78 మైళ్ళు. రైలు నడిచిన దారి కనుక ఎక్కుళ్ళు పెద్దగా ఉండవు, కార్లు అసలే ఉండవు. నాన్నగారు వారానికి నాలుగు రోజులు హెల్మెట్ పెట్టుకుని లైబ్రరీకి వెళ్ళడం మొదలెట్టారు. టికెట్టు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆరు నెలలూ ఉన్నారు.

ట్రక్కు సంగతి విని ఆయన ఒకటే ప్రశ్న వేశారు: "ఎంత అంచున పోతున్నావు?" తెల్లగీత మీద అన్నాను. "అంచున పోతే బస్సు వాడు ఇంకా అంచుకి తోస్తాడు. అవతల కాలవ. కాస్త లోపలికి వచ్చి వాడికి కనపడు. కనపడితే ఆగుతాడు." ఇక్కడ సైకిలు పాఠాలు చెప్పేవాళ్ళు కూడా సరిగ్గా ఈ మాటే చెబుతారు. అప్పటి నుంచి ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. పగలు కూడా వెనక ఎర్ర లైటు వెలగాలి. పచ్చ చొక్కా వెయ్యాలి. 45 మైళ్ళ రోడ్డు జోలికి పోకూడదు. ట్రైల్ చేరేదాకా ఇళ్ళ మధ్య రోడ్లే. మా ఆవిడ సంతకం ఒకటే తక్కువ!

ఒకరోజు ఆయన్ని రైట్ సోదరుల సైకిలు కొట్టుకి తీసుకెళ్ళాను. విలియమ్స్ వీధిలోది ఇప్పటికీ అక్కడే ఉంది. మూడో వీధిలోని కొట్టుని హెన్రీ ఫోర్డు 1930ల్లో మిషిగన్‌కి తరలించాడు. 1903లో ఎగిరిన విమానంలో ఇంజన్ నుంచి ప్రొపెల్లర్లకి శక్తి అందించింది సైకిళ్ళలో లాంటి చెయిన్లే. నాన్నగారు చాలాసేపు చూసి, "పంక్చర్లు వేసే చేతులే కదరా!" అన్నారు. తిరిగొచ్చే దారిలో ఆయన తొక్కిన దూరం లెక్క కట్టాను. ఏడాదికి 220 రోజులు వేసినా 75 వేల కిలోమీటర్లకి దగ్గర. భూమి చుట్టూ దాదాపు రెండుసార్లు. "తుపాను రోజులు తీసెయ్యి, ఒకటిన్నర వెయ్యి" అన్నారు లెక్కల మాస్టారు.

నా ఏవన్‌సీ 5.6కి దిగింది. ఒక్క సైకిలు వల్లే అనను. అన్నం గిన్నె కూడా చిన్నదైంది. మీ గరాజులోనూ ఒక గుర్రం కట్టేసి ఉండే ఉంటుంది. బ్రేకు రబ్బర్లు అరిగాయేమో చూసి, చెయిన్‌కి నూనె వేసి, టైర్లు మార్చి చూడండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, వాళ్ళ ఒళ్ళు సహకరిస్తే, కారు లేని దారి దగ్గర్లో ఉంటే, వాళ్ళనీ ఎక్కించండి.

నాన్నగారు ఇప్పుడు ఊళ్ళో ఉన్నారు. ఆదివారం పొద్దున్న ఫోను చేస్తే, ఒకప్పుడు "అందరూ కులాసాయేనా?" తో మొదలయ్యేది. ఇప్పుడు ముందు అడిగేది, "ఒరేయ్, నా బండిలో గాలి చూశావా?"