చవక మాత్ర అసలు ఖరీదు

పిల్లలకి జలుబు, దగ్గు అని వెళితే ఇక్కడి జీపీ చెప్పేది ఒకటే: "పారాసెటమాల్ వెయ్యండి, నీళ్ళు బాగా తాగించండి." ఇండియాలో అయితే మొదటి రోజే యాంటీబయాటిక్ రాసేవారు కదా అని మనలో మనం విసుక్కుంటూ ఉంటాం. బి.ఎస్సీ.లో మైక్రోబయాలజీ చదివాను కాబట్టి వాళ్ళ జాగ్రత్త నాకు అర్థమవుతుంది. మందు తగిలేకొద్దీ దానికి లొంగని బాక్టీరియాయే మిగిలి పెరుగుతుంది. కానీ ఈ జాగ్రత్తంతా మాత్ర మింగే చోట. మరి తయారయ్యే చోట?

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు హైదరాబాదు పక్కనున్న పటాన్‌చెరు గురించి ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగుని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకి సుమారు 45 కిలోలు పోతోందని లెక్క కట్టారు. స్వీడన్ మొత్తం అయిదు రోజుల్లో వాడేంత! అక్కడి నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. స్థానిక డాక్టరు కిషన్‌రావు గారు ఏళ్ళ తరబడి పోరాడారు.

ఇదంతా నాకు దూరపు వార్త కాదు. ఆ ప్రాంతంలోనే ఒక మందుల కంపెనీలో మా బాబాయి పాతికేళ్ళు షిఫ్టులు చేశాడు. నా డిగ్రీ ఫీజు కట్టింది ఆ జీతమే. కాలుష్యం మాట ఎత్తితే, "ఫ్యాక్టరీలు మూస్తే, నీళ్ళు బాగుపడేదాకా మేం ఏం తినాలమ్మా?" అంటాడు. ఆ ప్రశ్నని నేను కొట్టిపారెయ్యలేను. హైదరాబాదు మాత్రలు చవక కాబట్టే ఎన్నో పేద దేశాల్లో ప్రాణాలు నిలబడుతున్నాయి.

లండన్ కూడా ముందు సంపాదించి తర్వాతే కడుక్కుంది కదా అని కొందరంటారు. నిజమే. 1858లో కంపు భరించలేకే పార్లమెంటు మురుగు కాలవలకి డబ్బిచ్చింది. 1957లో థేమ్స్‌లో జీవం లేదని తేల్చారు. ఇప్పుడు అందులో సీల్స్ ఈదుతున్నాయి. కానీ నదిని తర్వాతైనా కడుక్కోవచ్చు. మందుకి లొంగని బాక్టీరియా పుట్టి ఊళ్ళు దాటాక వెనక్కి పిలవలేం. దానికి వీసా కూడా అక్కర్లేదు.

2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఫ్యాక్టరీ మురుగులో యాంటీబయాటిక్‌లకి పరిమితులు పెడుతూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు నాటి తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు.

నా లెక్కలో ఫ్యాక్టరీ కావాలా, నీళ్ళు కావాలా అనేది తప్పు ప్రశ్న. శుద్ధి ఖర్చు ఎవరు భరించాలన్నదే ప్రశ్న. ఇంగ్లండ్‌లో పిల్లల మందులకి మనం పెన్నీ కూడా కట్టం. ఆ తేడా ఇన్నాళ్ళూ నక్కవాగు పక్క రైతు కడుతున్నాడు. కాబట్టి కొనేవాళ్ళు అడగాలి. బాధ్యతగా తయారైన యాంటీబయాటిక్‌లకి బ్రిటన్‌లో బీఎస్‌ఐ కైట్‌మార్క్ 2023లో వచ్చింది. ఎన్‌హెచ్‌ఎస్ కొనేటప్పుడు అలాంటి గుర్తునే తప్పనిసరి చెయ్యమని మన ఎంపీకి ఒక ఉత్తరం రాయొచ్చు. మాత్ర పెన్నీ పెరిగినా సరే, బాబాయి ఉద్యోగం లాంటివి పోవు.

ఇక ఇంట్లో మిగిలిన మందులు సింక్‌లో పారబొయ్యకండి. ఏ ఫార్మసీలో ఇచ్చినా తీసుకుంటారు.