కనిపించని శ్రమ

ఫలితాన్ని బట్టి శ్రమను అంచనా వేయడం లోకసహజం. ఆ అంచనా ఎంత పొరపాటు కాగలదో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధి తెలియజేస్తుంది.

మెదడులోని నాడీతంతువులను మైలిన్ అనే కొవ్వుపొర విద్యుత్తీగపై తొడుగువలె కప్పి ఉంటుంది. దానివల్లనే సంకేతాలు వేగంగా పయనిస్తాయి. ఈ వ్యాధిలో, కంచే చేను మేసినట్లు, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఆ పొరపై దాడి చేస్తుంది. సంకేతాలు మందగిస్తాయి. 1868లో పారిస్ వైద్యుడు షార్కో ఈ వ్యాధిని వర్ణిస్తూ, రోగుల జ్ఞాపకశక్తి సన్నగిల్లడాన్ని కూడా గుర్తించాడు.

ఏకాగ్రతను కొలిచే పరీక్ష ఒకటి ఉంది. మూడు సెకన్లకొక అంకె వినిపిస్తారు. విన్న ప్రతి అంకెను దాని ముందరి అంకెతో కూడి మొత్తం చెప్పాలి. వ్యాధి తొలిదశలో ఉన్న కొందరు ఆరోగ్యవంతులతో సమానంగా సమాధానాలు చెబుతారు. అయితే ఆ సమయంలో రక్తప్రవాహపు మార్పులను చూపే ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రంతో పరిశీలించినప్పుడు, వారి మెదడులో, ముఖ్యంగా నుదుటి వెనుక భాగంలో, అధిక చైతన్యం కనబడింది. దారి తెగినప్పుడు బాటసారి చుట్టుదారి పట్టినట్లు, మెదడు ఇతర భాగాల సహాయం తీసుకొంటుందని పలువురు శాస్త్రజ్ఞుల భావన. వ్యాధి ముదిరినకొద్దీ ఆ శక్తి కూడా తరిగిపోవచ్చు.

కనుక పని చక్కగా ముగించి అలసి సొలసిన అట్టివారిని చూచి, “బాగానే ఉన్నారు కదా!” అని తేలికగా పలకడం తగదు. కొంత విరామం, కొంత అదనపు సమయం, ఒకసారికి ఒకే పని – ఇవి వారికి ఎంతో ఊరటనిస్తాయి.