పాత తలుపు మీది వెలుగు

ఉన్న జీవితాన్ని ఉన్నట్టు నమోదు చేసే డాక్యుమెంటరీ ఛాయాచిత్రణకూ, వెలుగునీడల పొందికనే ప్రాణంగా భావించే కళాఛాయాచిత్రణకూ నడుమ గీసిన గీత ఎంత పలుచనిదో, 2022లో కన్నుమూసిన వరంగల్ ఛాయాచిత్రకారుడు గుడిమల్ల భరత్ భూషణ్ కృషి తెలియజేస్తుంది. ఆయన చిత్రకారుడు కూడా కావడం వల్లనే కాబోలు, తెలంగాణ పల్లెల మట్టిగోడలను, పాత తలుపులను, బతుకమ్మ ఆడే శ్రామిక స్త్రీలను జాలితో గాక గౌరవంతో చూశాడు. సామాజిక న్యాయం ఆ చూపులోనే మొదలవుతుంది.

అటువంటి చూపు నిజామాబాద్ జిల్లాలోని బోధన్‌కు ఎంతో అవసరం. నిజాంసాగర్ నీటితో పెరిగిన చెరకును ఆడించి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందిన అక్కడి శక్కర్‌నగర్ నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడగా, తుప్పుపట్టిన యంత్రాలు కెమెరాకు సులువుగా అందమిస్తాయి గాని, శిథిలాన్ని మాత్రమే ప్రేమించి, అక్కడ పనిచేసిన మనిషిని చట్రం వెలుపల వదిలిన చిత్రం, ఎంత నిపుణంగా తీసినదైనా, ఆ మనిషికి రెండోసారి అన్యాయం చేస్తుంది. ఆ కార్మికుల చిత్రాలు మహానగరాల గ్యాలరీలకన్నా ముందు నిజామాబాద్ పట్టణంలో గోడకెక్కాలి. ఆ కుటుంబాలు వచ్చి, తాము బతికిన క్వార్టర్ తలుపును వేలుపెట్టి చూపించుకోగలగాలి.