తుగ్లక్ పిచ్చివాడైతే బావుండేది!

మన రాష్ట్రాల్లో ఏ ప్రభుత్వమైనా ఓ నిర్ణయం తీసుకుని మళ్ళీ వెనక్కి తగ్గితే, మర్నాడు పేపర్లో 'తుగ్లక్ పాలన' అన్న తిట్టు ఖాయం. తిట్టినవాడికీ తిట్లు తిన్నవాడికీ కూడా తుగ్లక్ అంటే తిక్క రాజు అనే అర్థం. గిరీష్ కర్నాడ్ 1964లో కన్నడంలో రాసిన 'తుగ్లక్' నాటకం చదివాక మాత్రం నాకా తిట్టు మరీ మెత్తగా అనిపిస్తోంది. (ఆనందభైరవి సినిమాలో కూచిపూడి గురువుగా వేసిన కర్నాడే!)

అన్నట్టు, ఈ సుల్తానుకీ మనకీ పాత లెక్కలున్నాయి. 1323లో యువరాజుగా ఓరుగల్లు మీద పడి కాకతీయ రాజ్యాన్ని ముగించింది ఇతనే. 1325లో సుల్తానయ్యాడు. 1327లో రాజధానిని ఢిల్లీ నుంచి దౌలతాబాదుకి మార్చాడు. వెండి టంకాకి బదులు రాగి, ఇత్తడి నాణేలు తెచ్చాడు. దొంగ నాణేలు కుప్పలుతెప్పలుగా వచ్చి పడితే ఖజానాలో వెండి పోసి వెనక్కి తీసుకున్నాడు. ఇదంతా స్కూల్లో చదువుకున్నదే.

నాటకంలో తుగ్లక్ అలా మొదలవ్వడు. మొదటి సీన్లోనే తన మీద కేసు వేసిన ఓ సామాన్యుడి చేతిలో ఓడిపోయి, ఆ తీర్పుని అందరిముందూ ఒప్పుకుంటాడు. రాజధాని మార్పుకి కారణాలు కూడా వివరిస్తాడు. ఢిల్లీ సరిహద్దుకి మరీ దగ్గర. దౌలతాబాదులో హిందువులు ఎక్కువ, అక్కడ ఉంటే రెండు మతాలవాళ్ళూ దగ్గరవుతారు. ఎవరికీ బలవంతం లేదు, రావాలనుకున్నవాళ్ళే రండి అంటాడు. ఏం ప్రజెంటేషనండీ! నేనా మీటింగులో ఉంటే చప్పట్లు కొట్టేవాణ్ణి.

తర్వాత అమీర్లు నమాజు వేళ అతన్ని చంపాలని కుట్ర పన్నుతారు. అది బయటపడ్డాక నమాజునే నిషేధిస్తాడు. ఢిల్లీలో ఒక్క ప్రాణి మిగలకుండా అందరూ బయల్దేరాల్సిందే అంటాడు. ప్లాను అదే. కానీ ఎవరి మేలు కోసం మొదలుపెట్టాడో వాళ్ళే ఇప్పుడతని కంటికి అడ్డంకులు. అధికారంలో నాకు అన్నిటికన్నా అసహ్యంగా కనిపించేది ఈ మలుపే. పిచ్చివాడికైతే పక్కవాళ్ళు పగ్గం వేస్తారు. తెలివైనవాడు తన మొండితనానికి కూడా కారణాలు చెప్పగలడు, మనం వింటూ కూర్చుంటాం.

ఇది సుల్తాన్లకే పరిమితం అనుకోకండి. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఓ పెద్దాయన మా టీముని వేరే ఊరికి మార్చాలనుకున్నాడు. 'మీ అభిప్రాయాలు చెప్పండి' అన్నాడు. పిల్లల చదువుల గురించి అడిగిన ఒకే ఒక్కతను రెండు వారాల్లో ప్రాజెక్టు నుంచి బయటికెళ్ళాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'టీం మొత్తం ఒప్పుకుంది' అని.

నాటకంలోనూ అంతే. ప్రేమించే సవతి తల్లిని తుగ్లక్ తనే చంపిస్తాడు. స్నేహితుడిగా ఉన్న చరిత్రకారుడు బరనీ చివరికి వదిలేసి వెళ్ళిపోతాడు. మరి మిగిలేదెవరు? అజీజ్ అనే మోసగాడు! మొదటి సీన్లో బ్రాహ్మణ వేషంలో కేసు గెలిచింది వీడే. సుల్తాను పెట్టిన ప్రతి కొత్త రూలులోనూ సంపాదించే దారి వెతుక్కున్నాడు. దొరికిపోయాక, మీ అసలైన శిష్యుణ్ణి నేనే అని దబాయిస్తాడు. తుగ్లక్ వాణ్ణి శిక్షించడు, పైగా పదవిచ్చి పంపుతాడు!

బరనీ లాంటి మంచివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. నచ్చకపోతే రాజీనామా పెట్టి మర్యాదగా తప్పుకుంటాం. మనం ఖాళీ చేసిన కుర్చీలోకి అజీజులు వస్తారు. అందుకే ఏ చిన్న టీముకి లీడ్ అయినవాళ్ళకైనా నేను చెప్పేది ఒకటే. 'ఎవరికైనా సందేహాలున్నాయా' అని మీరు అడిగాక గది నిశ్శబ్దంగా ఉంటే సంతోషించకండి. కిందటిసారి నోరు తెరిచినవాడికి ఏమైందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.